సగం మువ్వ

ఆరేళ్ళ క్రితం, కోతలు అయిపోయి దుక్కి దున్నిన ఒక పొలంలో, యజమాని అనుమతితో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుండగా నాకు ఒక వస్తువు దొరికింది. ఏ దిక్కు నుంచి తిప్పినా సిగ్నల్ తడబడకుండా ఒకే స్వరంతో వచ్చింది. జానెడు లోతు తవ్వేసరికి మట్టిగడ్డలోంచి పచ్చటి అంచు కనిపించింది. అరచేతిలోకి తీసుకుని చూస్తే, బంతిని అడ్డంగా కోసి ఒక పక్క బొటనవేలితో నొక్కినట్టున్న చిన్న గిన్నె. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందేమో. బయటి వైపు అడుగు నుంచి అంచుల దాకా పూలరేకుల్లాంటి గీతలు విచ్చుకుని ఉన్నాయి. అంచు ఎగుడుదిగుడుగా విరిగి ఉంది, ఒకచోట అంచు నుంచి అడుగు వైపుకు సన్నని పగులు దిగింది. లోపల గోధుమరంగు ముద్ద ఒకటి రాయిలా గట్టిపడి అతుక్కుని ఉంది.

ఆ సాయంత్రం నేను చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో నేను వాదించబోయేదంతా ఆ పనికి వ్యతిరేకంగానే. వస్తువును ఫోటో తీసి, నీళ్ళలో నానబెట్టి, పులుపు పట్టించి, గట్టి కుచ్చు బ్రష్‌తో తోమాను. లోపలి ముద్ద మట్టే అనుకుని స్క్రూడ్రైవర్ మొనతో పెళ్ళగించి పారేశాను. చిలుమంతా పోయి, బంగారు ఛాయలో ఇత్తడి రంగు బయటపడింది. ఆ తరువాత పేరు కోసం వెతకడం మొదలుపెట్టాను. దీపపు మూత అనుకున్నాను, అత్తరు భరిణెలో సగం అనుకున్నాను, గుర్రపు పట్టెడకు కుట్టే అలంకారపు బిళ్ళ అనుకున్నాను. ప్రతి పేరుకూ ఒకటి రెండు పోలికలు దొరికేవి. ఏ పేరూ వస్తువు మొత్తానికి సరిపోయేది కాదు.

మూడు వారాల తరువాత ఒక రాత్రి, గోటితో ఆ పగులు వెంబడి తడుముతూ వెళితే, పగులు చివర గోరు ఒక గుంటలో దిగింది. భూతద్దం పెట్టి చూశాను. అది గుండ్రటి రంధ్రం, దాని అంచు నున్నగా ఉంది. విరగడం వల్ల వచ్చిన పగులు తన చివర నున్నటి గుండ్రటి రంధ్రాన్ని చేసుకోదు. అంటే అది పగులు కాదు, పోత పోసినప్పుడే వదిలిన చీలిక. నాగలి దెబ్బకో చక్రం కింద పడో వస్తువు నొక్కుకుపోయినప్పుడు ఆ చీలిక రెండు పెదవులూ మూసుకున్నాయి. చీలిక ఉన్న బోలు గోళం, చీలిక కొసన శబ్దం బయటికి పోయే రంధ్రం, అడుగున రేకుల నగిషీ. ఇది పశువు మెడలోనో గుర్రపు జీనుకో కట్టే మువ్వ, దాని కింది సగం. ఆ మాట మనసులో మెదిలిన వెంటనే రెండో సంగతీ తెలిసివచ్చింది. కడగకముందు తీసిన ఫోటోలో లోపల కనిపిస్తున్న గోధుమరంగు ముద్ద మట్టి కాదు, తుప్పు. మువ్వ లోపల ఆడే ఇనుప గుండు ఏళ్ళ తరబడి నేలలో కరిగి అక్కడే గడ్డకట్టింది. మూడు వారాలుగా నేను వెతుకుతున్న జవాబును మొదటి సాయంత్రమే స్క్రూడ్రైవర్‌తో తవ్వి చెత్తబుట్టలో వేశాను.

నేలలోంచి వచ్చిన పాత వస్తువును గుర్తించడమంటే దాని పేరు పట్టుకోవడమే అని మనలో చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోవడం మానేశాను. పేరు చివర వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. అంతకుముందే అది ఏ లోహం, ఎలా చేశారు, ఎక్కడ అరిగింది, ఏ చోట, ఏ లోతున, దేని పక్కన ఉంది అన్న విషయాలు రాసిపెట్టుకోవాలి. వీటిలో చాలా వరకు వస్తువు చేతికి వచ్చిన మొదటి గంటలోనే ఉంటాయి, తరువాత ఉండవు. పేరు మాత్రం పదేళ్ళ తరువాతైనా దొరుకుతుంది.

పేరు కోసం తొందరపడినప్పుడు కన్ను తనకు అలవాటైనదాన్నే చూస్తుంది. 2010 మే నెలలో ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో క్రాస్బీ గారెట్ అనే ఊరి దగ్గర దొరికిన లోహపు ముక్కలను, వాటిని తవ్విన వ్యక్తి మొదట విక్టోరియా కాలపు అలంకార వస్తువు అనుకున్నాడు. అది రోమన్ ఆశ్వికుడు ప్రదర్శనలకు ధరించే ముఖకవచంతో కూడిన శిరస్త్రాణం. 2020 డిసెంబరులో డెన్మార్క్‌లోని విండెలెవ్‌లో దాదాపు 800 గ్రాముల బరువున్న బంగారు నిధి బయటపడినప్పుడు, చేతికి వచ్చిన మొదటి ముక్క తవ్వినవారికి చేపల డబ్బా మూతలా కనిపించింది. ఆ నిధిలోని ఒక పతకం మీద, స్కాండినేవియా పురాణాల్లోని ఓడిన్ దేవుడి పేరు ఇప్పటివరకు తెలిసినవాటిలో అన్నిటికంటే ముందు రాసి ఉందని 2023లో పండితులు చదివి చెప్పారు. దీనికి తలకిందులుగా, 16, 17 శతాబ్దాల్లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లెక్కలు కట్టుకోవడానికి లక్షల్లో అచ్చువేసిన ఇత్తడి బిళ్ళలను బంగారు నాణేలని పొరబడి గుండె ఝల్లుమన్నవారు ఎందరో ఉన్నారు. ఈ మూడు సందర్భాల్లోనూ కన్ను తప్పేమీ చేయలేదు, చూసినవారి దగ్గర అప్పటికి ఉన్న పేర్లే తక్కువ. అందుకే మొదట మనసుకు తట్టిన పేరును నేను పుస్తకంలో పెన్సిల్‌తో, పేజీ అడుగున రాస్తాను.

పేజీ పైన లోహం రాస్తాను. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుమో ఉక్కో ఉందని తెలుస్తుంది. అంటుకోకపోతే సాంద్రత చూడాలి, దానికి ప్రయోగశాల అక్కరలేదు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, వస్తువును దారంతో కట్టి, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా వేలాడదీస్తే, త్రాసు చూపించే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. నా సగం మువ్వ పొడిగా 41 గ్రాములు తూగింది, నీళ్ళలో వేలాడదీస్తే త్రాసు 4.8 చూపించింది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే ఎనిమిదిన్నర వచ్చింది. రాగి 8.96, సీసం 11.3, వెండి 10.5, తగరం 7.3, బంగారం 19.3. ఎనిమిదిన్నర చుట్టుపక్కల ఇత్తడి, కంచు రకాలు ఉంటాయి. చిలుము దట్టంగా ఉన్నా, లోపల గాలి బుడగలున్నా ఈ లెక్క కాస్త తప్పుతుంది గానీ, సీసాన్ని వెండి అనుకునే పొరపాటును మాత్రం నిమిషంలో తీర్చేస్తుంది. ఇది మొదటి రోజే చేసి ఉంటే, గిల్టు భరిణె అన్న ఊహ వెంట నేను వారం రోజులు తిరిగేవాణ్ణి కాదు.

కొన్ని లోహాలు కాలాన్ని కూడా చెబుతాయి. అల్యూమినియం 1886లో విద్యుత్తుతో చవకగా తీసే పద్ధతి కనిపెట్టాకే జనం వాడుకలోకి వచ్చింది కాబట్టి, తెల్లగా తేలికగా ఉన్న ముక్క ఎంత నలిగి వంగి ఉన్నా అంతకంటే పాతది కావడం దాదాపు అసాధ్యం. తుప్పుపట్టని ఉక్కు 1913 నుంచి ఉంది. విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి 1840లో పేటెంటు వచ్చింది. స్క్రూ మరలకు ఇంగ్లండ్ ఇంజనీరు విట్‌వర్త్ ప్రతిపాదించిన ప్రమాణం 1841 నాటిది. మరలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కోణంలో, ఒకే ఎడంతో ఉంటే అది యంత్రం కోసిన మర, ఒక్కొక్క మెట్టు ఒక్కొక్కలా ఉంటే ఆకురాయి పట్టిన చెయ్యి. పోత పోసిన వస్తువుకు మూస రెండు సగాలు కలిసిన చోట సన్నని గట్టు ఉంటుంది, దాన్ని రుద్ది తీసేసినా రుద్దిన గీతలు మిగులుతాయి. సాగగొట్టిన రేకులో సుత్తి దెబ్బల పల్లాలు వెలుతురును ఏటవాలుగా వేస్తే తెలుస్తాయి. టార్చి లైటును వస్తువుకు పక్కగా, నేలబారుగా పెట్టి చూడటం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, నున్నగా ఉందనుకున్న తలం మీద ఎవరో పనివాడి చేయి కదిలిన జాడలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి.

తరువాత అరుగుదల. వస్తువును దేనికి వాడారన్నది ఆకారం కంటే అరుగుదల బాగా చెబుతుంది. తాడు ఒరిసిన రంధ్రం ఒకవైపే సాగుతుంది, దారం వడికే కదురు బిళ్ళకు రంధ్రం చుట్టూ నున్నదనం వస్తుంది, తూకపు రాయిగా వాడిన సీసపు బిళ్ళకు అడుగు మాత్రమే అరుగుతుంది. అరుగుదల లేకపోవడం కూడా సాక్ష్యమే. రోమన్ సామ్రాజ్యపు వాయవ్య ప్రాంతాల్లో దొరికే పన్నెండు ముఖాల కంచు బోలు వస్తువుల సంగతి దీనికి మంచి ఉదాహరణ. ప్రతి ముఖమూ పంచభుజి, ప్రతి ముఖానికీ నడుమ ఒక గుండ్రటి రంధ్రం, ఇరవై మూలల్లోనూ చిన్న చిన్న బుడిపెలు. 1739 నుంచి ఇప్పటిదాకా వందకు పైగా దొరికాయి, వీటి గురించి రోమన్ల రాతల్లో ఒక్క మాట లేదు, ఒక్క చిత్రం లేదు. పొలాల కొలతల సాధనమని, కొవ్వొత్తి పెట్టేదని, చేతి తొడుగులు అల్లేదని, జోస్యం చెప్పేదని పేర్లు పెట్టినవారు ఎందరో. కానీ ఇవి నాలుగు సెంటీమీటర్ల నుంచి పదకొండు సెంటీమీటర్ల దాకా రకరకాల పరిమాణాల్లో ఉన్నాయి, అంకెలు గానీ గుర్తులు గానీ లేవు కాబట్టి కొలత సాధనమన్న మాట నిలవడం కష్టం. రోజూ చేత్తో వాడిన పనిముట్టుకు ఉండాల్సిన అరుగుదలా కనిపించదు. ఎవరో ఒకరు ఇంట్లో నమూనా చేసి దాని మీద తొడుగు అల్లి చూపించినంత మాత్రాన అది తొడుగులల్లే సాధనమని రుజువు కాదు. ఒక వస్తువుతో ఒక పని చేయవచ్చు అనడం వేరు, ఆ పని కోసమే దాన్ని చేశారు అనడం వేరు.

2023లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఉన్న నార్టన్ డిస్నీలో స్వచ్ఛంద చరిత్ర బృందం జరిపిన తవ్వకంలో ఇలాంటిదే ఇంకొకటి దొరికింది. దాన్ని దేనికి వాడారో వాళ్ళూ చెప్పలేదు. అయినా ఆ ఒక్కటి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే అది పాతిపెట్టిన చోటే, నాలుగో శతాబ్దపు కుండపెంకులతో కలిసి, తవ్వకందారుల కళ్ళ ముందు బయటపడింది. పాత సంగ్రహాల్లో ఉన్నవాటిలో చాలావాటికి ఆ మాత్రం చిరునామా కూడా లేదు.

శుభ్రం చేయడం గురించి నేను మొండిగానే ఉంటాను. చిలుము మురికి కాదు. రాగి నేలలోని తేమతో, లవణాలతో కలిసి నెమ్మదిగా కట్టుకున్న ఆ పొరలోనే చాలాసార్లు అసలు తలం, అసలు చెక్కడం, అక్షరాలు నిలిచి ఉంటాయి. దాన్ని పులుపుతో కరిగిస్తే కింద మిగిలేది గుంటలు పడ్డ లోహమే. రాగి లవణాలు సూక్ష్మజీవులను చంపుతాయి కాబట్టి కంచు వస్తువును ఆనుకుని ఉన్న దారపు పోగు, తోలు ముక్క, చెక్క పేడు వందల ఏళ్ళు నిలబడగలవు, బ్రష్ ఒక్క రుద్దుతో వాటిని తుడిచేస్తుంది. ఇనుము విషయంలో తుప్పు అసలు వస్తువు కంటే లావుగా ఉబ్బి దాన్ని ముద్దలా మార్చేస్తుంది, ఆ ముద్ద లోపల ఉన్నది కత్తో తాళమో ఎక్స్-రే చెప్పగలదు, సుత్తి చెప్పలేదు. మట్టిని మెత్తటి కుంచెతో దులపడం వరకు సరే, కంచు మీద లేత పచ్చ పొడి రాలుతుంటే మాత్రం క్లోరైడులు లోహాన్ని లోపల్నుంచి తింటున్నాయని అర్థం, దాన్ని తేమను పీల్చే సిలికా జెల్‌తో పొడి డబ్బాలో మూసి నిపుణులకు చూపించాలి.

ఇందాక చెప్పిన శిరస్త్రాణం 33 పెద్ద ముక్కలుగా, 34 చిన్న ముక్కలుగా దొరికింది. పురావస్తు శాస్త్రజ్ఞులు తీరిగ్గా చూసేలోపే వేలం కోసం దాన్ని అతికించి, నునుపు చేసి నిలబెట్టారు. 2010 అక్టోబరులో అది దాదాపు 23 లక్షల పౌండ్లకు ఒక వ్యక్తి చేతికి పోయింది. ముక్కలను ఎందుకు, ఎలా మడిచి పాతిపెట్టారన్నది ఆ ముక్కల అంచుల్లోనే ఉండేది. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఒంటరి కంచు వస్తువు నిధి కింద లెక్కకు రాదు కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. 2023లో ఆ నిర్వచనాన్ని సవరించి, 200 ఏళ్ళు దాటి, చరిత్రకు అసాధారణంగా ముఖ్యమైన లోహ వస్తువులను కూడా చేర్చారు. ఆ సవరణ పదమూడేళ్ళు ఆలస్యంగా వచ్చిందన్నది నా అభిప్రాయం.

ఇక చోటు. 1999లో జర్మనీలోని నెబ్రా దగ్గర ఒక కొండ మీద ఇద్దరు, అనుమతి లేకుండా డిటెక్టర్‌తో తవ్వి, దాదాపు 32 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కంచు పళ్ళేన్ని బయటికి లాగారు. దాని మీద బంగారు రేకుతో నెలవంక, నిండు బింబం, నక్షత్రాలు పొదిగి ఉన్నాయి. వాళ్ళ పనిముట్టు దెబ్బకు అంచు దెబ్బతింది. దానితోపాటు రెండు కత్తులు, రెండు గొడ్డళ్ళు, ఒక ఉలి, కంకణాల ముక్కలు ఉన్నాయన్నారు. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఒక పురావస్తు శాస్త్రజ్ఞుడు కొనుగోలుదారుడిలా వెళ్ళి, పోలీసులు వల పన్ని పట్టుకునేదాకా అది చేతులు మారుతూనే ఉంది. ఆ కత్తులు క్రీస్తుపూర్వం 1600 ప్రాంతపువి కాబట్టి పళ్ళెం కూడా అప్పుడే పాతిపెట్టారని నిర్ధారించారు. కానీ ఆ నిర్ధారణ మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: ఇవన్నీ ఒకే గుంటలో కలిసి ఉన్నాయి అన్న మాట మీద. ఆ మాట చెప్పినవాళ్ళు దొంగలు. 2020లో ఇద్దరు జర్మన్ పరిశోధకులు, ఆ కలయికే నమ్మదగ్గది కాదని, పళ్ళెం దాదాపు వెయ్యేళ్ళు తరువాతి ఇనుప యుగానిదై ఉండవచ్చని వాదించారు. ఇంకొక బృందం అతుక్కున్న మట్టిని, లోహపు మూలాన్ని చూపించి ఆ వాదనను గట్టిగా తిప్పికొట్టింది. నాకు ఆ జవాబే సబబుగా తోస్తుంది. అయితే ఇంత శ్రమ, ఇన్నేళ్ళ తగువు దేని కోసం? గుంట తవ్విన రోజు ఒక ఫోటో, ఒక కొలత ఉంటే తీరిపోయే ప్రశ్న కోసం.

చోటు రాసిపెడితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ అమెరికాలోని మోంటానాలో ఉంది. 1876 జూన్‌లో అమెరికా సైన్యానికీ అక్కడి ఆదివాసీ తెగలకూ మధ్య లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం జరిగిన మైదానం మీద 1983లో గడ్డి తగలబడింది. మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రజ్ఞులు, డిటెక్టర్లు వాడే స్వచ్ఛంద సేవకులను వరుసలుగా నడిపించి, దొరికిన ప్రతి తూటాకూ ప్రతి ఖాళీ గుండు తొడుగుకూ జెండా పాతి, స్థానం కొలిచి, ఆ తరువాతే పైకి తీశారు. ఒక్కొక్కటిగా చూస్తే అవి చిల్లర ముక్కలు. కానీ తొడుగు వెనుక తుపాకీ పిన్ను కొట్టిన గుర్తులను ఒకదానితో ఒకటి పోల్చి, ఒకే తుపాకీ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎలా కదిలిందో గీసి చూపించగలిగారు. ఆ పనికి వాడిన యంత్రం, నెబ్రాలో దొంగలు వాడిన యంత్రం ఒకే రకానివి. అందుకే డిటెక్టర్ వాడేవాళ్ళంతా దోపిడీదారులన్న మాటను నేను ఒప్పుకోను.

నాతో పొలాలకు వచ్చే మిత్రులు దీనికి ఒక జవాబు చెబుతారు, అది కొట్టిపారేయదగ్గది కాదు. దున్నిన నేలలో ప్రతి ఏడూ నాగలి మట్టిని తిరగేస్తుంది, ఆ పై పొరలో దొరికే వస్తువు ఎప్పుడో తన చోటు విడిచింది, మరి కొలతలెందుకు అని. కొంతవరకు నిజమే, లోతుకు అర్థం పోతుంది. కానీ నాగలి వస్తువును కొన్ని మీటర్లు ఈడుస్తుంది తప్ప ఊరవతలికి మోసుకుపోదు. పదేళ్ళలో దొరికిన ముప్ఫై చిల్లర వస్తువులను పటం మీద చుక్కలుగా పెడితే, పాత బాటో, సంత జరిగిన చోటో, కూలిన ఇల్లో వాటంతట అవే కనిపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997లో మొదలైన వస్తువుల నమోదు పథకంలో ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి, అందులో ఎక్కువ భాగం దున్నిన నేలల్లో దొరికినవే. నాగలి తగలని పొరలోకి సిగ్నల్ దిగితే మాత్రం తవ్వడం ఆపి శాస్త్రజ్ఞులను పిలవాలి. చట్టమూ అంతే, ఐర్లండ్‌లో 1987 నుంచి అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ తిప్పడమే నేరం, ఇంగ్లండ్‌లో నిధి అనిపించినదాన్ని 14 రోజుల్లో చెప్పాలి. ఏ దేశంలో నిలబడితే ఆ దేశపు నియమం ముందుగా తెలుసుకోవాలి. ఇంకొక మాట: గుర్తు తెలియని వస్తువు స్తూపాకారంగా, బరువుగా, ఒక కొస మొనదేలి ఉంటే దాన్ని కదపవద్దు, గీకవద్దు, ఇంటికి తీసుకుపోవద్దు. పేలని గుండు వందేళ్ళ తరువాత కూడా పేలుతుంది. దూరం జరిగి పోలీసులకు చెప్పడం తప్ప అక్కడ చేయవలసిన గుర్తింపు ఏదీ లేదు.

తెలిసినవారిని అడగాలి, అందులో సందేహం లేదు. కానీ చేతిలో పెట్టుకుని ఒకవైపు మాత్రం తీసిన ఫోటో చూపించి ఇదేమిటి అని అడిగితే, ఎదుటివారు కూడా మొదట తట్టిన పేరే చెప్పగలరు. పక్కన కొలబద్ద పెట్టి ముందు, వెనుక, అంచు ఫోటోలు, బరువు, అయస్కాంతం మాట, దొరికిన నేల తీరు, పక్కన దొరికినవి, ఇవన్నీ ఇస్తే పేరు తెలియకపోయినా ఇది ఏమి కాదో చెప్పగలుగుతారు.

నా మువ్వ దగ్గరికి వస్తాను. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆల్డ్‌బోర్న్ అనే ఊళ్ళో రాబర్ట్ వెల్స్ పోత పోసిన మువ్వల మీద చీలికకు అటూ ఇటూ ఆయన పేరులోని పొడి అక్షరాలు ఆర్, డబ్ల్యూ ఉంటాయని, దాన్ని బట్టే వాటి కాలం చెబుతారని చదివాను. అది చదివాక నా ముక్కను టార్చి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. చీలికకు ఒకవైపు, రేకుల గీతల మధ్య, చిన్న నలుచదరపు ఎత్తు ఒకటి ఉంది. అక్షరమో, ముద్రో, పోతలో వచ్చిన బుడిపో చెప్పడానికి వీల్లేకుండా బ్రష్ గీతలు దాని మీదుగా అడ్డంగా పోయాయి. మిగతా సగం కోసం ఆ పొలానికి మళ్ళీ నాలుగు సార్లు వెళ్ళాను. పొలం నాకు తెలుసు. పొలంలో ఏ మూల తవ్వానో తెలియదు.

నిన్న నా బల్ల మీదికి ఇంకొక వస్తువు వచ్చింది. వేలి కణుపంత సీసపు ముక్క, ఒకవైపు చదును, రెండోవైపు అడ్డంగా రెండు గాట్లు, 23.6 గ్రాములు. మట్టి మట్టిగానే ఉంది. సంచి మీద అంకె వేశాను, గుంట ఫోటో తీశాను, పొలం గట్టు మీది చెట్టు నుంచి ఎన్ని అడుగులో, ఏ దిక్కునో రాశాను. పేజీ అడుగున పెన్సిల్‌తో రాసే చోటు ఖాళీగా ఉంది.